కరకట్టమీది కాలిబాట

హాలండు దేశమును రైలుబండి కిటికీనుండి చూచి వచ్చిన మనవారు, అక్కడ కొండ లేదనియు, లోయ లేదనియు, పచ్చికబీడు వెంట కాలువయు కాలువ వెంట పచ్చికబీడునుగా ఒకే దృశ్యము గంటలకొలది సాగుననియు, ఒక క్రోసెడు దూరము చూచినవాడు దేశమంతయు చూచినట్లేననియు చెప్పుచుందురు. రైలుబండి వేగమున పోవువానికి ఈ మాట కొంతవఱకు నిజమే. కాని ఆ దేశమున ఒక నదిని పట్టుకొని, దాని కరకట్టమీద నాలుగైదు దినములు కాలినడకను సాగిపోవువానికి, తాను చదునని భావించిన నేలలో మీటరు ఎత్తునకును అరమీటరు పల్లమునకును ఎంత చరిత్ర యున్నదో, ఏ వంపు ఏ వఱద చేసినదో, ఏ మడుగు ఏ గండి మిగిల్చినదో క్రమక్రమముగా తెలియవచ్చును. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. ఇతరదేశములందలి ప్రాచీనమార్గములు పెక్కులు యాత్రికులును వర్తకులును పశువుల కాపరులును త్రొక్కగా ఏర్పడినవి. ఈ కట్టమీది దారి కావలివారు త్రొక్కగా ఏర్పడినది. నడక యచ్చట విహారమగుటకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే విధియై యుండెను.

నేటి నెదర్లాండ్సులో దూరపు కాలిబాటలకు కొదువ లేదు. చెట్టు మ్రానులమీదను, కంచె గుంజలమీదను, వీధిదీపపు స్తంభములమీదను తెలుపు ఎఱుపు పట్టెలు పూసి గుర్తించిన దారులు దేశమంతట అల్లుకొని యున్నవి. వానిలో జనులకెల్ల ప్రియమైనది పీటర్‌పాడ్ అనునది. ఉత్తరసముద్రతీరమునకు చేరువనున్న పీటర్‌బ్యూరెన్ గ్రామమునుండి బయలుదేరి, దక్షిణమున మాస్ట్రిఖ్ట్ నగరము ప్రక్కనున్న సింట్ పీటర్స్‌బెర్గ్ గుట్టవద్ద ముగియు ఈ బాట పొడవు సుమారు 500 కిలోమీటర్లు. 1983లో ప్రారంభమైన దీనిని ఏ ప్రభుత్వశాఖయు కల్పింపలేదు. టోస్ హోర్‌హైస్ చాల్మా, బెర్‌ట్యే యెన్స్ అను ఇరువురు స్నేహితురాండ్రు, ఒకరు దేశపు ఉత్తరభాగమునను మఱియొకరు దక్షిణభాగమునను నివసించుచుండుటచే, రెంటిని కలుపు బాట యొకటి ఉండవలెనని తలచి, తామే నడచి నడచి దానిని కుదిర్చిరి. అయితే పీటర్‌పాడ్ అధికభాగము తూర్పుదిక్కున ఇసుకనేలలమీదుగను అడవులగుండను పోవును. నీటితో పెనుగులాడిన హాలండును చూడగోరువాడు దానిని విడిచి, వాల్ నది కరకట్టను పట్టుటయే మేలని నా యభిప్రాయము.

ఆ నడకకు బయలుదేరదగిన చోటు నైమేఖెన్ నగరము. రైన్ నది జర్మనీనుండి లోబిట్ అను గ్రామమువద్ద ఈ దేశమున ప్రవేశించి, కొలది దూరములోనే పాయలుగా చీలిపోవును. దాని నీటిలో మూడింట రెండు పాళ్ళు వాల్ అను పాయలోనే ప్రవహించును. నైమేఖెన్ ఊరు ఈ వాల్ ఒడ్డున, హిమయుగమున మంచుగడ్డలు త్రోసి పేర్చిన గుట్టలమీద కూర్చుండి యున్నది. అచ్చటినుండి పడమరకు సముద్రము వఱకు మఱి గుట్ట యనదగినది కానరాదు. నడకకును ఈ యూరికిని గల సంబంధము వేఱొక విధముగను ప్రసిద్ధము. 1909లో సైనికుల శిక్షణకై ఆరంభమైన నాలుగు దినముల నడక యొకటి, ఇప్పుడు ప్రతి సంవత్సరము జూలై మాసమున ఇచ్చట జరుగుచున్నది. వయస్సునుబట్టియు ఎన్నికనుబట్టియు దినమునకు 30, 40, లేక 50 కిలోమీటర్ల చొప్పున నడువవలెను. నలుబదివేలకు పైగా జనులు దీనియందు పాల్గొందురు. కడపటిదినమున ఊరిలో ప్రవేశించు వారికి గ్లాడియోలస్ పూలగుత్తుల నిచ్చి స్వాగతము చెప్పుదురు. ఆ కోలాహలము చూడదగినదే కాని, కట్టను గూర్చి యేమైన తెలిసికొనవలె ననువాడు ఆ వారమున అటు పోవలదు.

నైమేఖెన్ వంతెన దాటి ఉత్తరపుటొడ్డున లెంట్ అను శివారు చేరగానే ఈ దేశము ఇటీవల నేర్చిన పాఠము కంటబడును. ఇచ్చట నది సన్నని మెడవంటి చోట ఒదిగి పోవలసి యుండుటచే వఱదనీరు పైకెగదట్టుచుండెను. పూర్వకాలపు ఇంజనీయర్లయినచో కట్టను మఱింత ఎత్తు చేసి యుందురు. కాని వీరు కట్టనే 350 మీటర్లు వెనుకకు జరిపి, పాతకట్టకును క్రొత్తకట్టకును నడుమ ఒక ఉపనదీపాయను త్రవ్విరి. అందుకై ఏబది యిండ్లను తొలగింపవలసి వచ్చినది. పాతయొడ్డున మిగిలిన భూమి ద్వీపమైనది. ఈ పనివలన పెనువఱద వచ్చినప్పుడు నీటిమట్టము సుమారు 35 సెంటిమీటర్లు తగ్గును. ఒక నగరపు శివారును చీల్చి సంపాదించినది మూరెడు కన్న తక్కువ యని నవ్వవలదు. కట్టపై నిలిచి నీరు పెదవి దాటునా దాటదా యని చూచు రాత్రి, ఆ 35 సెంటిమీటర్ల విలువ తెలియును.

ఈ చోటికి చేరువనే వాల్ నదిని దాటు క్రొత్తవంతెనమీద ప్రతి సాయంకాలము జరుగు ఒక చిన్న యాచారమును ఇచ్చట చెప్పక విడువలేను. 1944 సెప్టెంబరు 20వ తేదీన, యుద్ధకాలమున, అమెరికను సైనికులు గుడ్డపడవలలో ఈ చోటనే నదిని దాటిరి. ఆ ప్రయత్నమున 48 మంది మరణించిరి. వంతెనకు 48 జతల దీపములు కలవు. ప్రొద్దు క్రుంకిన పిదప ఆ దీపములు ఒక్కొక్క జతగా, నడచు మనుష్యుని యడుగుల వేగమున వెలుగుచుండ, పూర్వసైనికు డొకడు వానితోపాటు వంతెన యీ చివఱనుండి ఆ చివఱకు నడచును. 2014నుండి ఈ నడక నిత్యము జరుగుచున్నది. ఎవరైనను వానివెంట నడువవచ్చును.

ఇక కట్టనుగూర్చి. పైన ఒక బండి పట్టునంత రోడ్డు, ఇరుప్రక్కల వాలుగా గడ్డి, ప్రక్కనేలకంటె ఐదారు మీటర్ల ఎత్తు: చూచుట కింతియే. నది వైపున కట్టకును ప్రవాహమునకును నడుమ వెడల్పయిన పచ్చికనేల యుండును. మన గోదావరి తీరమున గట్టునకును ఏటికిని నడుమనుండు లంకలవలె, ఇవి వేసవిలో మేతకు ఉపయోగపడి, శీతకాలమున వఱదకు అప్పగింపబడును. వీనిని చిన్నవఱదలనుండి కాపాడుటకు ప్రవాహపు అంచున పొట్టికట్ట యొకటి యుండును. దానిని వేసవికట్ట యనియు, దూరమున నున్న పెద్దదానిని శీతకట్ట యనియు అందురు. నడచువాడు శీతకట్టమీద నిలిచి ఒకమాఱు ఎడమవైపునకును ఒకమాఱు కుడివైపునకును నిదానముగా చూడవలెను. నది వైపు నేల ఎత్తుగను, ఊరి వైపు నేల పల్లముగను ఉండుట కొంతసేపటికిగాని కంటికి పట్టదు. నది యేటేట తెచ్చు ఒండ్రు కట్టను దాటలేక వెలుపలనే పేరుకొనుచు ఆ నేలను పెంచినది; లోపలి నేల ఒండ్రు లేక, నీరు తోడగా తోడగా క్రుంగినది. జనులను రక్షించుటకు వేసిన కట్టయే జనులను నదికంటె దిగువకు దింపినది. ఎనిమిది శతాబ్దములనుండి ఈ చిక్కు విడివడలేదు, విడివడునదియు కాదు.

కట్ట యెచ్చటను తిన్నగా పోదు. వేయి అడుగులు సాగునో లేదో, ఏ కారణమును లేనట్లు గుఱ్ఱపునాడా యాకారమున వంగి, ఒక గుండ్రని మడుగును చుట్టి, మరల పాతదారికి వచ్చును. కారణము లేకపోలేదు. పూర్వమెన్నడో అచ్చట గండి పడినది. గండిలో దూకిన నీరు సుడులు తిరుగుచు నేలను ఎంతో లోతుగా త్రవ్వివైచినది. అట్టి గోతిని పార తట్టలతో పూడ్చుట అసాధ్యమగుటచే, ఆనాటివారు దానిని అట్లే విడిచి, దాని యంచుననే క్రొత్తకట్టను చుట్టివైచిరి. గోయి మడుగై నిలిచినది, రెల్లు పెరిగినది, బాతులు చేరినవి, ఆదివారమునాడు గాలము వేయువారు వచ్చుచున్నారు. వాల్ తీరమున దినమెల్ల నడచువాడు ఇట్టి మడుగులను పెక్కింటిని చూచును. ఒక్కొక్కటి ఒక్కొక్క గ్రామపు దుర్దినమునకు గుర్తు. శాసనమో స్తంభమో నిలుపనక్కఱలేకయే ఈ దేశమున వఱదలచరిత్ర నేలమీద వ్రాయబడి యున్నది. దానిని చదువుటకు కావలసిన వేగము గంటకు నాలుగైదు కిలోమీటర్లు.

కట్టను ఎవరు కాపాడవలె నను ప్రశ్నకు ఈ దేశము చాల ముందుగనే సమాధానము చెప్పుకొన్నది. రాజులకంటెను పార్లమెంటుకంటెను పూర్వమే జలసంఘము లేర్పడినవి. లైడెన్ పరిసరముల రైన్‌లాండ్ అను సంఘమునకు 1255 నాటి శాసనము కలదు. ఇప్పటికిని దేశమున 21 జలసంఘములున్నవి. వానికి ప్రత్యేకముగ నాలుగేండ్ల కొకసారి ఎన్నికలు జరుగును. ప్రతి కుటుంబమును వానికి వేఱుగా పన్ను కట్టును. సంఘాధ్యక్షుని డైక్‌గ్రాఫ్, అనగా కట్టకు దొర, అందురు. పూర్వము ప్రతి రైతునకును కట్టలో ఇన్ని బారలని భాగము పంచి, దానిని బాగుచేయు భారము వానిపైననే ఉంచెడివారు. ఏటేట నియమితదినములలో ఈ దొరయు పెద్దలును కట్టపొడవునను నడచి తనిఖీ చేసెడివారు. ఎవని భాగమున ఎలుకబొఱియయో చీలికయో కనబడెనో వానికి జరిమానా పడెడిది. వాడు బాగుచేయకున్న, పెద్దలు తామే పని చేయించి, వాని ఖర్చుమీద సత్రమున దిగి, సొమ్ము ముట్టువఱకు భోజనపానీయములు సేవించుచు కూర్చుండెడివారట. భారము మోయలేని రైతు తన పారను కట్టలో గ్రుచ్చి, ఇల్లును పొలమును విడిచి వెడలిపోవలెను; ఆ పారను పెఱికినవానికి పొలమును, పొలముతోపాటు కట్టభారమును సంక్రమించెడిది. ఇంతటి కఠినమైన న్యాయము మఱియే దేశమునను వ్యవసాయదారునికి పట్టలేదని తోచును. కాని ఒక్కని యశ్రద్ధవలన పొరుగువారందఱు మునుగుదు రనుట ప్రత్యక్షమైన చోట, కనికరమునకు తావు తక్కువ.

ఆ తనిఖీనడక నేటికిని ఆగలేదు. జలసంఘపు మనుష్యులు కట్టవెంట తిరుగుచు, గడ్డివేళ్ళు పట్టు విడిచినచోటులను, ఎండకు బీటలువారిన బంకమట్టిని, కస్తూరిఎలుక యను నీటిజంతువు త్రవ్విన బొఱియలను వెదకుచుందురు. ఉత్తరమెరికానుండి చర్మముకొఱకు ఐరోపాకు తేబడి, పెంపకపుదొడ్లనుండి తప్పించుకొని వ్యాపించిన ఈ జంతువును పట్టుటకు జలసంఘములు జీతమిచ్చి వేటగాండ్రను ఉంచుకొన్నవి. కట్టమీద మేయు గొఱ్ఱెలును ఒక విధముగ కొలువు చేయునవే: అవి గడ్డిని పొట్టిగా కొఱికి వేళ్ళు దట్టముగా అల్లుకొనునట్లు చేయుచు, చిన్నగిట్టలతో మట్టిని అణచుచు పోవును. ఆవులు బరువైనవగుటచే తడినేలను గుంటలు చేయును గనుక కట్టకు గొఱ్ఱెయే తగినది. వసంతమున నడచువాని దారికి పిల్లలతో అడ్డుపడి కదలక చూచు గొఱ్ఱెమంద, ఈ దేశమున రక్షణశాఖలో భాగమని ఎఱుగవలెను.

ఈ కాపలా యెంత యవసరమో 1995లో తేటపడినది. ఆ జనవరి చివఱ జర్మనీలోను ఆర్డెన్ కొండలలోను కురిసిన వానలకు రైన్, మాస్ నదులు రెండును పొంగెను. లోబిట్ వద్ద క్షణమునకు సుమారు 12,000 ఘనమీటర్ల నీరు దేశములోనికి ప్రవేశింపసాగెను. నీరు కట్టను దాటుటకంటె, దినములతరబడి నానిన కట్ట మెత్తబడి జాఱిపోవునను భయమే హెచ్చు. అట్టివేళ కట్ట వెనుక పల్లమున నీటిబుగ్గలు లేచును. తేటనీరు వచ్చినంతవఱకు భయము లేదు. నీటితో ఇసుక వచ్చెనా, కట్టక్రింద నేల ఖాళీయగుచున్నదన్న మాట. అప్పుడు బుగ్గను మూయరాదు. మూసిన వేఱొకచోట లేచును. చుట్టును ఇసుకబస్తాలతో బావిగోడవలె పేర్చి, లోపలి నీటిబరువే ఊటను అణచునట్లు చేయవలెను. దీనిని కనిపెట్టుటకు కట్టసేన యను స్వచ్ఛందసేవకులు రాత్రింబవళ్ళు లాంతరులతో కట్టవెంట నడచుచుందురు. ఆ యేడు వాల్ తీరమున ఓఖ్టెన్ గ్రామమువద్ద కట్ట జాఱసాగెను. అధికారులు సుమారు 2,50,000 మందిని, వారి పశువులతోకూడ, ఇండ్లు విడిచి పొమ్మనిరి. కొన్ని దినములకు నీరు తీసినది, కట్ట నిలిచినది, జనులు తిరిగివచ్చిరి. ఆ వారముతో దేశపు ఆలోచన మాఱినది. కట్టను పెంచుకొనుచు పోవుటకు హద్దున్నదనియు, నదికి చోటు విడువవలసియున్నదనియు నిర్ణయించి, ముప్పదికి పైగా స్థలములలో కట్టలను వెనుకకు జరుపుటయు, లంకనేలలను త్రవ్వి దింపుటయు, ఉపపాయలను కల్పించుటయు చేసిరి. పైన చెప్పిన లెంట్ పని అందులోనిదే.

ఇంతకుముందు కట్టలను తిన్నగా చేసి ఎత్తు పెంచవలెనను పట్టుదల యొకటి కొంతకాలము నడచినది. 1970ల ప్రాంతమున వాల్ దక్షిణపుటొడ్డున బ్రాకెల్ గ్రామములో కట్టవాలున ఆనుకొని యున్న పాతయిండ్లను అందుకై కూల్చివైచిరి. ఆ కూల్చివేతను చూచి జనులు తిరుగబడిరి. వంపులను, మడుగులను, కట్టయిండ్లను కాపాడుచునే కట్టను గట్టిచేయు మార్గమును వెదకవలసినదని వాదించిరి. ఈనాడు నడచువానికి ఇంకను వంకరకట్ట మిగిలియుండుట ఆ వాదమువలననే. కట్టయిండ్ల నిర్మాణము చూడ ముచ్చటగనుండును: ముంగిలి కట్టమీది రోడ్డునకు సమానము, పెరటివైపు చూచిన ఒక అంతస్తు దిగువ. వీథిలో నిలిచి పలుకరించినవానికి ఒంటియంతస్తు ఇల్లు, తోటలోనుండి చూచినవానికి మేడ.

నైమేఖెన్‌కు పడమర, వాల్ నదికిని దానికి ఉత్తరమునగల మఱియొక రైన్ పాయకును నడుమనున్న దేశము బేటువ. ఆపిలు, పేరు, చెఱ్ఱీ తోటలకు ఇది నెలవు. ఏప్రిల్ చివఱ పూతకాలమున కట్టమీదనుండి చూచిన, క్రింద తోటలన్నియు తెల్లగను గులాబిరంగుగను పఱచుకొని యుండును. ఎత్తునుండి పూతోటను చూచు భాగ్యము కొండదేశములలోగాని దొరకునది కాదు, దానిని ఇచ్చట మానవనిర్మితమైన మట్టిగోడ కల్పించుచున్నది. నదివైపున అక్కడక్కడ ఇటుకబట్టీల ఎత్తైన పొగగొట్టములు. లంకల బంకమట్టితో చేసిన ఇటుకలే ఈ దేశపు ఊళ్ళకు గోడలు, వీథులకు పఱపులు. మట్టి తీయగా ఏర్పడిన గుంటలు నేడు నీటిపక్షులకు ఆటపట్టులు. ప్రవాహమందు ఓడల వరుస ఎడతెగదు. రోటర్‌డాం రేవునుండి జర్మనీ కర్మాగారములకు ఇనుపఖనిజము మోయుచు, నాలుగో ఆఱో తెప్పనావలను ఒక్కటిగా కట్టి త్రోయు ఓడ యొకటి ఎదురేగి పోవుచుండ, నడచువాడు దానితో పందెము వేయవచ్చును. అనేకనావలలో నావికుని కుటుంబము కాపురముండును. కిటికీలకు తెరలు, పైతట్టున మోటారుకారు, పిల్లల ఉయ్యాల.

టీల్ పట్టణము, జాల్ట్‌బొమ్మెల్ పట్టణము దాటి నది వెడల్పగుకొలది దృష్టి దూరమేగును. ఇచ్చటనే నడచువానికి ఒక కష్టము మొదలగును. చర్చిశిఖరము ఎదుట స్పష్టముగ కనబడును; గంట నడచినను అంతే దూరమున నుండును; కట్ట దానివైపు పోవుచు పోవుచు మడుగొకటి యడ్డువచ్చి ప్రక్కకు తిరుగును. కొండ యెక్కువానికి ఆయాసమే తోడు. చదునున నడచువానికి తోడేదియు లేదు. నీడ లేదు, ఎదుట సముద్రమునుండి వచ్చు గాలికి అడ్డు లేదు, తారురోడ్డు అరికాళ్ళను మంట పెట్టును. ఆదివారములందు సైకిళ్ళ గుంపులును, మోటారుసైకిళ్ళ రొదయు. ఇది యెల్ల నిజము, చెప్పకుండుట మోసమగును.

బ్రాకెల్ దాటగనే దక్షిణపుటొడ్డున వాల్, మాస్ నదీమార్గములు కలియు మూలలో లూవెస్టైన్ కోట కలదు. అంతర్జాతీయన్యాయశాస్త్రమునకు పితయని పేర్కొనదగిన హ్యూగో గ్రోషియస్‌ను యావజ్జీవఖైదుగ ఇచ్చట బంధించిరి. ఆయనకు పుస్తకములు పెట్టెలో వచ్చుచు పోవుచుండెడివి. 1621 మార్చిలో ఆయన భార్య మరియా, పుస్తకములకు బదులు భర్తనే పెట్టెలో కూర్చుండబెట్టి తాళమువేసి పంపెను. ఎల్‌స్యే అను పరిచారిక పెట్టెతోకూడ పడవలో నదిని దాటి, ఎదుటనున్న గోరిన్‌కెమ్ పట్టణమునకు క్షేమముగ చేర్చెను. ఇప్పుడు ఆ రేవున చిన్న నావ నడచుచున్నది; ప్రయాణికులు కూర్చుండియే దాటవచ్చును.

గోరిన్‌కెమ్ నుండి పడమర దేశము మాఱును. ఇంతవఱకు నదీతీరపు బంకనేల. ఇక ఆల్‌బ్లాసర్‌వార్డ్ అను పీటునేల, అనగా వేలయేండ్ల రెల్లును నాచును నీటిలో కుళ్ళీకుళ్ళకుండ పేరుకొని యేర్పడిన నల్లని మెత్తనినేల. మధ్యయుగమున దీనిని సాగుచేయువారు బారులుదీర్చి కాలువలు త్రవ్వి, సన్నని పొడవైన చెక్కలుగ పంచుకొనిరి; ఆ చెక్కలు, వాని నడుమ నీటిపట్టెలు, నేటికిని అట్లే యున్నవి. కాని పీటునేలలో నీరు తీసినతోడనే గాలి సోకి అది దగ్ధమగునట్లు క్షయించును, క్షయించినకొలది క్రుంగును, క్రుంగినకొలది మరల తడియగును, మరల నీరు తీయవలెను. పొలము నేడు సముద్రమట్టమునకు ఒకటి రెండు మీటర్లు దిగువన నున్నది. కట్టచుట్టి నీటిమట్టమును మనుష్యుడే నిర్ణయించు ఇట్టి నేలకు పోల్డరని పేరు. దేశమున నాలుగింట ఒక వంతునకు పైగా సముద్రమట్టమునకు దిగువదే.

సరస్సులనే ఎండగట్టి చేసిన పోల్డరులు వేఱు. ఆంస్టర్‌డాంకు ఉత్తరమున 1612లో ఎండించిన బీమ్‌స్టర్ వానిలో ప్రసిద్ధము. దానికి పెట్టుబడి పెట్టినవారిలో డిర్క్ వాన్ ఓస్ ఒకడు. డచ్చి తూర్పు ఇండియా కంపెనీని స్థాపించినవారిలోను అతడొకడు. మచిలీపట్టణమున కోఠీ పెట్టి మన నేతబట్టలను ఓడలకెత్తినది ఆ కంపెనీయే. మన వలందపాలెము దాని జ్ఞాపకమే. తూర్పుదేశపు వ్యాపారమున గడించిన ధనికుల సొమ్ము, ఇంటివద్ద నీటిక్రింది నేలను పైకి తెచ్చుటకు పెట్టుబడి యైనది.

ఆల్‌బ్లాసర్‌వార్డ్ వాయవ్యపు కొసను, లెక్ నదీతీరమున, కిండర్‌డైక్. ఇచ్చట 19 గాలిమరలు రెండు కాలువల వెంబడి నిలిచి యున్నవి. ఎనిమిది ఇటుకకట్టడములు 1738 నాటివి. రెల్లుకప్పిన మఱి యెనిమిది 1740 నాటివి. చిత్రపటములలో వీనిని చూడనివారు లేరు. కాని ఇవి చేయు పనిని తెలిసినవారు తక్కువ. పోల్డరునీటిని ఒక్కసారిగ నదిలోనికి ఎత్తుట గాలిమర చక్రమునకు సాధ్యము కాదు. అది ఎత్తగలది మీటరున్నర లోపు. కనుక మొదట పొలములనుండి కాలువలోనికి, కాలువనుండి పైతొట్టిలోనికి, ఇట్లు మెట్లు మెట్లుగా ఎత్తి, నదిలో పాటు వచ్చినప్పుడు లాకులు తెఱచి విడిచెడివారు. పని లేనప్పుడు గాలిమర ఱెక్కలను నిలుపుటలోను భాష యున్నది: ఱెక్క నిటారుకు చేరవచ్చుచు ఆగినచో ఇంట శుభము, నిటారును దాటి ఆగినచో ఇంట మరణము. 1868లో ఆవిరిపంపు వచ్చినది. ఇప్పుడు పెద్ద మరచుట్ల పంపులు ఈ పని చేయుచున్నవి. రెండవ ప్రపంచయుద్ధమున ఇంధనము లేనప్పుడు మాత్రము గాలిమరలే మరల కొలువునకు వచ్చెను. ఇప్పటికిని వీనిలో కుటుంబములు కాపురముండి, గాలి చూచి తిప్పుచుండును. 1997లో వీనిని ప్రపంచవారసత్వస్థలముగా ప్రకటించిరి. యాత్రికులు బస్సులో వచ్చి, అరగంట నిలిచి, ఛాయాచిత్రము తీసికొని పోవుదురు. నైమేఖెన్‌నుండి నడచి వచ్చినవాడు గాలిమరలకంటె ముందు వాని చుట్టునున్న నీటిమట్టములను చూచును: పొలము, కాలువ, తొట్టి, నది, నాలుగు మెట్లు.

పోదలచినవారికి రెండు మాటలు. ఏప్రిల్ నడిమినుండి మే మొదటివారము వఱకు పోవుట మేలు. పూతయు, గొఱ్ఱెపిల్లలును అప్పుడే. నదిని దాటించు చిన్న పడవలు పెక్కులు వేసవి మాసములలోనే నడచును గనుక ముందుగ విచారించుకొనవలెను. నదివెంబడి పడమరకు నడచిన ఎదురుగాలి తప్పదు. దానిని సహింపలేనివారు కిండర్‌డైక్ నుండి తూర్పుగా రావచ్చును, గాలి వీపును త్రోయును. కట్టమీద అక్కడక్కడ దారి మూసివేసి, ప్రొక్లైనులు మట్టి పోయుచుండుట కనబడవచ్చును. 2017 నాటి చట్టమునుబట్టి దేశపు ప్రధానమైన కట్టలన్నియు 2050 నాటికి క్రొత్త ప్రమాణములను అందుకొనవలెను. వాల్ తీరమున ఆ పని సాగుచున్నది. అట్టిచోట కంచె దూకి పోవలదు. సూచించిన చుట్టుదారిని పట్టుడు.